సోదెకూ కథకూ మధ్య

మంత్రాలు, మాయలు, మాట్లాడే జంతువులు ఉన్న కథలను పిల్లలచేత చదివించవచ్చునా అన్న ప్రశ్న క్రైస్తవ కుటుంబాల్లో తలెత్తినప్పుడల్లా అది హ్యారీ పోటర్ నవలలతోపాటు విదేశాల నుంచి వచ్చిపడిన ప్రశ్న అని చాలామంది భావిస్తారు. శ్రీ సత్యసాయి జిల్లాలోని చెన్నేకొత్తపల్లి, పెనుకొండ, ధర్మవరం, హిందూపురం ప్రాంతాన్ని దృష్టిలో ఉంచుకుని పరిశీలిస్తే ఆ భావన నిలవదు. తాయెత్తు కట్టించుకోవడం, దిష్టి తీయించడం, సోదె అడగడం, జబ్బుకు మందు పనిచేయకపోతే చేతబడి జరిగిందని అనుమానించడం ఇక్కడి పల్లెల్లో ఎప్పటి నుంచో ఉన్న సంగతులు కాబట్టి, మంత్రం అనే మాట వినగానే ఇక్కడి క్రైస్తవ తల్లిదండ్రుల మనసులో మెదిలేది ఆ నవలల్లోని ఊహాలోకపు పాఠశాల కాదు, తమ ముందుతరంవారు వదిలిపెట్టి వచ్చిన ఆచారాలు. అందువల్ల అమెరికాలోనో ఇంగ్లండులోనో చెప్పే సమాధానాన్ని తెచ్చి ఇక్కడ అతికించినంత మాత్రాన చిక్కు విడదు.

రాయలసీమలో ప్రొటెస్టెంటు క్రైస్తవం వేళ్ళూనుకున్న తీరు తెలిస్తే ఈ జంకు ఎక్కడిదో అర్థమవుతుంది. లండన్ మిషనరీ సొసైటీ, అంటే ఇంగ్లండులోని స్వతంత్ర సంఘాల పునాది మీద ప్రధానంగా నడిచిన సువార్త సంస్థ, 1810లో బళ్ళారిలోనూ 1822లో కడపలోనూ పని ప్రారంభించి, ఆ శతాబ్దం చివరి దశాబ్దాల్లో గుత్తి, అనంతపురం వైపు విస్తరించింది. 1947 సెప్టెంబర్ 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఆ మిషను సంఘాలు అందులో కలిసిపోగా, ఆ తరువాతి కాలంలో పెంతెకొస్తు సంఘాలు, ఏ పెద్ద సంస్థకూ చెందని స్వతంత్ర ప్రార్థనా మందిరాలు ఊరూరా వెలిశాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవుల వాటా దాదాపు 1.34 శాతమే అయినా, క్రైస్తవంలోకి మారిన దళితులకు షెడ్యూల్డు కులాల హోదా దక్కదన్న 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల ఆదివారం మందిరానికి వెళ్ళే అందరూ ఆ లెక్కలో కనబడరు. విశ్వాసంలోకి వచ్చిన మొదటి తరానికి మార్పు అంటే ముందుగా కొన్నింటిని మానడమే: జాతరలో బలి మాంసం తినకపోవడం, పిల్లల మెడలోని తాయెత్తు తెంపేయడం, సోదెమ్మను గడప తొక్కనివ్వకపోవడం. అలా తెంచుకుని వచ్చిన ఇంట్లో మనవడు మంత్రదండం పట్టుకున్న బాలుడి బొమ్మ ఉన్న పుస్తకం తెస్తే, అవ్వ ఉలిక్కిపడటాన్ని అజ్ఞానం అనడం అన్యాయం.

ఈ ఉలికిపాటుకు తెలుగు బైబిలు భాష కూడా ఒక కారణం, ఈ విషయాన్ని మాత్రం కొంత నిదానంగా చూడాలి. ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయంలో ఇశ్రాయేలీయులకు నిషేధించిన విద్యల పట్టిక ఒకటి ఉంది. హీబ్రూ మూలంలోని ఆ పదాల్లో కొన్నింటి అర్థం ఇదమిత్థమని పండితులే తేల్చలేకపోయినా, తెలుగులోకి తెచ్చినవారు వాటికి ఇక్కడి నేల మీద దొరికిన పేర్లనే పెట్టారు. సోదెగాడు, చిల్లంగివాడు, మాంత్రికుడు, ఇంద్రజాలకుడు, కర్ణపిశాచిని అడిగేవాడు అన్న మాటలు ఆ విధంగా లేఖనంలోకి వచ్చాయి. చిల్లంగి అంటే ఎదుటివారికి కీడు కలగాలని చేసే ప్రయోగం. కర్ణపిశాచి అంటే చెవిలో గుసగుసగా రహస్యాలు చెబుతుందని నమ్మే క్షుద్రశక్తి. గలతీయులకు రాసిన పత్రికలోని పాపాల జాబితాలో కనిపించే అభిచారము అన్న సంస్కృత పదానికీ పరులకు హాని తలపెట్టి చేసే తంత్రమనే అర్థం. ఈ అనువాదం వల్ల ఎక్కడో పశ్చిమాసియాలో ఎప్పుడో చెప్పిన నిషేధం సొంత ఊరి నిషేధంగా వినిపించింది. అదే దాని బలం. అయితే ఇంద్రజాలం అన్న మాటను తెలుగువారు రంగస్థలం మీద టోపీలోంచి పావురాన్ని తీసే వినోదానికీ, మాంత్రికుడు అన్న మాటను పేదరాశి పెద్దమ్మ కథల్లోని పాత్రకూ కూడా వాడతారు కాబట్టి, లేఖనంలోని మాట, కథలోని మాట ఒకటే కావడంతో రెంటి వెనుక ఉన్న వస్తువు కూడా ఒకటే అనుకోవడానికి దారి ఏర్పడింది.

మాటను బట్టి తీర్పు చెప్పడం ఎంత జారుడు నేలో బైబిలు అనువాదమే చూపిస్తుంది. గ్రీకులో మాగోస్ అన్న ఒకే పదం మత్తయి సువార్తలో బాలయేసును చూడవచ్చిన తూర్పు దేశపువారికీ, అపొస్తలుల కార్యములు 13వ అధ్యాయంలో పౌలును ఎదిరించిన బర్ యేసుకూ వాడబడింది. తెలుగులో మొదటివారు జ్ఞానులయ్యారు, రెండవవాడు గారడీవాడయ్యాడు. అనువాదకులు చేసినది తప్పు కాదు, సందర్భాన్ని బట్టి మాట మార్చారు. పిల్లల పుస్తకం చేతికి వచ్చినప్పుడు తల్లిదండ్రులు చేయవలసి ఉన్నదీ అదే కాని, తరచుగా అట్ట మీది మాట చూడటంతోనే పని ముగిసిపోతుంది.

అసలు లేఖనంలోనే మంత్రగాళ్ళ ప్రస్తావన తక్కువేమీ కాదు. మోషే ఎదుట ఐగుప్తు మాంత్రికులు తమ కర్రలను పాములుగా మార్చిన కథను ప్రతి సండే స్కూల్లోనూ చెబుతారు. బబులోనులో దానియేలు కల్దీయుల విద్యను, భాషను నేర్చుకున్నాడని, చివరకు ఆ రాజ్యపు శకునగాండ్రకు అధిపతిగా నియమితుడయ్యాడని ఆ గ్రంథం చెబుతున్నది. అతడూ అతడి స్నేహితులూ నిరాకరించినవి రాజు బల్ల మీది భోజనం, విగ్రహారాధన, ప్రార్థన మానమన్న ఆజ్ఞ మాత్రమే, అక్కడి సాహిత్యం కాదు. న్యాయాధిపతుల గ్రంథంలో చెట్లు తమకు రాజును వెతుక్కుంటూ మాట్లాడుకునే కట్టుకథను యోతాము చెబుతాడు. పుస్తకాలను కాల్చడానికి ఆధారంగా చూపే ఘట్టం ఎఫెసులోది. అక్కడ కాలిపోయిన గ్రంథాల విలువ 50,000 వెండి రూకలని లెక్క కట్టారు. ఆ గ్రంథాలు కథలు కావు, ప్రయోగ విధానాలు రాసుకున్న పుస్తకాలు. వాటిని తెచ్చి మంటలో వేసినవారు ఆ విద్యను స్వయంగా అభ్యసించినవారు. 2001 డిసెంబరు చివర అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో అలమొగోర్డో అనే పట్టణంలో ఒక సంఘం హ్యారీ పోటర్ నవలలను తగులబెట్టినప్పుడు ఈ తేడాను ఎవరూ పాటించలేదు. అంతకు నాలుగేళ్ళ ముందు, 1997లో మొదటి భాగం వెలువడిన ఆ నవలల వరుస, అమెరికా గ్రంథాలయ సంఘం లెక్క ప్రకారం 2000–2009 మధ్య అక్కడ అత్యధిక అభ్యంతరాలు ఎదుర్కొన్న పుస్తకాల్లో మొదటి స్థానంలో నిలిచింది.

ఇంత వ్యతిరేకత ఉన్నచోటే, మాయలోకపు కథల ప్రక్రియను ఆధునిక కాలంలో తీర్చిదిద్దినవారిలో ముఖ్యులు విశ్వాసులు కావడం ఈ చరిత్రలోని విశేషం. 1858లో ఫాంటస్టీస్ అన్న నవల రాసిన స్కాట్లండు రచయిత జార్జ్ మెక్‌డొనాల్డ్ కొంతకాలం కాంగ్రిగేషనల్ సంఘానికి పాస్టరుగా పనిచేశాడు. కడప, బళ్ళారి ప్రాంతాలకు మిషనరీలను పంపిన సంస్థకు వెన్నుదన్నుగా నిలిచిన సంప్రదాయం కూడా అదే. అతడి పుస్తకాలు చదివి ప్రభావితుడైన సి.ఎస్. లూయిస్ 1950–1956 మధ్య నార్నియా కథలను ఏడు భాగాలుగా వెలువరించాడు. లూయిస్ మిత్రుడు, కతోలిక విశ్వాసి అయిన జె.ఆర్.ఆర్. టోల్కీన్ 1939లో అద్భుత కథల మీద చేసిన ప్రసంగంలో, కథకుడు ఒక ఊహాలోకాన్ని కల్పించి పాఠకుణ్ణి అందులోకి తీసుకుపోవడం వేరు, ఈ లోకంలోని వస్తువులనూ మనసులనూ తన గుప్పిట్లో పెట్టుకోవాలన్న కోరికతో చేసే తంత్రం వేరు అని విడదీశాడు. ఈ రెండవదానికి తెలుగులో వశీకరణం అన్న మాట ఎప్పటి నుంచో ఉంది, టోల్కీన్ నవలలోని ఉంగరం చేసే పని అచ్చంగా అదే. ఆ ఉంగరాన్ని మంచి పనికైనా సరే వాడకూడదని ఆ నవల పట్టుబడుతుంది. లూయిస్ విషయంలో అంత స్పష్టత లేదు: 1952 నాటి భాగంలో లూసీ అనే మంచి పిల్ల మాంత్రికుడి పుస్తకం తెరిచి స్వయంగా మంత్రం చదువుతుంది. రచయిత క్రైస్తవుడు కాబట్టి పుస్తకానికి ఢోకా లేదని నమ్మే తల్లిదండ్రులు ఆ అధ్యాయం దగ్గర కాసేపు ఆగవలసే ఉంటుంది.

పాశ్చాత్య కల్పన అంటేనే అనుమానించే తెలుగు క్రైస్తవ గృహాల్లో సైతం ఒక కల్పిత కథకు మాత్రం బైబిలు పక్కనే చోటు దొరికింది. జాన్ బన్యన్ 1678లో ప్రచురించిన యాత్రికుని ప్రయాణములో నిరాశ అనే రాక్షసుడు బాటసారులను కోటలో బంధిస్తాడు, పొలుసుల దేహమూ రెక్కలూ గల అపొల్లుయోను నిప్పులు చిమ్ముతూ దారికి అడ్డం నిలుస్తాడు, కథ అంతా ఒక కలగా నడుస్తుంది. కట్టుకథతో సత్యం చెప్పవచ్చునా అని తన కాలపు భక్తులు అడుగుతారని ఎరిగిన బన్యన్, ప్రవక్తలూ క్రీస్తూ ఉపమానాలతోనే బోధించారు కదా అన్న వాదాన్ని పుస్తకం మొదట్లోనే పెట్టుకున్నాడు. ఈ పుస్తకంలోని రాక్షసుణ్ణి చూసి ఎవరూ భయపడకపోవడానికి కారణం, ఆ రాక్షసుడికి రాసినవాడే పేరుతోపాటు అర్థం కూడా తగిలించి ఉంచడం. అర్థం బయటికి చెప్పని కథలతోనే తగాదా అంతా.

తెలుగు పిల్లలకు అలాంటి కథలు అందించిన ప్రధాన వాహిక చందమామ. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి ప్రారంభించిన ఆ మాసపత్రికలో శవంలోని బేతాళుడు ప్రతి నెలా విక్రమార్కుడికి ఒక చిక్కుప్రశ్న వేసేవాడు. దాసరి సుబ్రహ్మణ్యం రాసిన ముగ్గురు మాంత్రికులు వంటి ధారావాహికలు పిల్లలను తరువాతి సంచిక కోసం ఎదురుచూసేలా చేశాయి. ఆ పత్రికకు 1952 నుంచి 1980లో మరణించేవరకు వెన్నెముకగా నిలిచిన కొడవటిగంటి కుటుంబరావు హేతువాద దృష్టి గల రచయిత కావడం గమనించదగ్గది. బేతాళుడు ఉన్నాడని నమ్మకుండానే బేతాళ కథ చెప్పవచ్చునని ఆయనకు ఎవరూ నేర్పనక్కర లేకపోయింది. దీనికి విరుద్ధమైన ఉదాహరణ 1980ల ప్రాంతంలో ఎదురైంది. యండమూరి వీరేంద్రనాథ్ తులసిదళం నవలలో ఒక పసిపిల్ల మీద జరిగే క్షుద్రప్రయోగాన్ని నిజంగా జరిగే విషయమన్నట్టు నమ్మించేలా చిత్రించగా, రంగనాయకమ్మ వంటివారు అది మూఢనమ్మకాలకు ఊపిరి పోస్తుందని తీవ్రంగా విమర్శించారు. వారి అభ్యంతరం మతపరమైనది కాకపోయినా, చేతబడి అనుమానంతో మనుషులను చంపిన వార్తలు ఇప్పటికీ వినవలసివస్తున్న తెలుగు ప్రాంతాల్లో అది క్రైస్తవ తల్లిదండ్రుల భయం కంటే బరువైన అభ్యంతరం. మాయను మాయగా చూపే కథకూ, పక్కింటి ముసలమ్మ మీద అనుమానం రేపే కథకూ ఉన్న దూరం, హిందూ కథకూ క్రైస్తవ కథకూ ఉన్న దూరం కంటే ఎక్కువ.

ఈ ప్రాంతానికి దగ్గరి ఉదాహరణ పాతాళభైరవి సినిమా. తాడిపత్రి ప్రాంతానికి చెందిన కె.వి. రెడ్డి దర్శకత్వంలో 1951లో విజయా సంస్థ నిర్మించిన ఆ చిత్రంలో నేపాళ మాంత్రికుడు ఒక సాహసవంతుణ్ణి దేవతకు బలి ఇచ్చి కోరికలు తీర్చే బొమ్మను సంపాదించాలనుకుంటాడు, తోటరాముడు ఆ కుట్ర తెలుసుకుని ఆ మాంత్రికుణ్ణే బలి ఇచ్చి బొమ్మను దక్కించుకుంటాడు. క్రైస్తవ బోధ దృష్టితో చూస్తే ఇందులో ఇబ్బంది మాంత్రికుడితో రాదు, అతడు దుష్టుడని కథే చెబుతున్నది. నాయకుడు కూడా అదే బలి ద్వారా అదే శక్తిని పొందడంతో వస్తుంది. శక్తి ఎవరి నుంచి వస్తున్నది, దానికి ఎవరు ఏ వెల చెల్లిస్తున్నారు, దానిని పట్టుకున్నవాడు చివరకు ఏమవుతున్నాడు అని అడిగితే టోల్కీన్ ఉంగరానికీ పాతాళభైరవి బొమ్మకూ ఉన్న తేడా పదేళ్ళ పిల్లవాడికి కూడా తెలుస్తుంది. అలా అడిగే అలవాటు ఉన్న ఇంట్లో పాతాళభైరవిని నిషేధించనక్కర లేదు, తోటరాముడు చేసినది ఒప్పా అన్న చర్చతో ఆ సాయంత్రం గడిచిపోతుంది.

కథ కథగా మిగలకుండా ఆరాధనలో భాగమైనచోట మాత్రం ఈ పద్ధతి చాలదు. ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుల ఊరు; అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ లభించింది. తెర వెనుక దీపం వెలిగించి రామాయణ భారత కథలను ఆడించే ఈ కళలో కేతిగాడు, బంగారక్కల హాస్యం అందరినీ నవ్విస్తుంది, మాయలేడి పరుగు పిల్లలను కట్టిపడేస్తుంది. కాని విరాటపర్వం ఆడిస్తే వాన కురుస్తుందన్న నమ్మకం తెలుగునాట పాతది, వాన కరువు బాగా ఎరిగిన అనంతపురం సీమలో ఆ నమ్మకానికి ఉండే బరువు వేరు. వినోదం కోసం ఆడితే అది నాటకం, వాన కోసం ఆడితే అది మొక్కు. బొమ్మలు, పాటలు మాత్రం రెండు చోట్లా అవే, ఆడించేవారూ వారే. అలాంటి ఆటకు ఊరంతా చందా వేసుకుంటున్నప్పుడు క్రైస్తవ కుటుంబం ఏం చేయాలన్నది పుస్తకపు ప్రశ్న కంటే చాలా కష్టమైనది, ఎందుకంటే అక్కడ విశ్వాసంతోపాటు ఇరుగుపొరుగు సంబంధం కూడా తూగుతుంది.

ఈ చిక్కుకు దగ్గరి పోలిక పల్లె క్రైస్తవులకు బాగా తెలిసిన ప్రసాదం సమస్యలో ఉంది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో పౌలు విగ్రహాలకు అర్పించిన మాంసం గురించి మూడు అధ్యాయాలపాటు చర్చిస్తాడు: విగ్రహం వట్టిది కాబట్టి ఆ మాంసంలో ఏ దోషమూ అంటదని ఒప్పుకుంటూనే, అంగడిలో దొరికినదాన్ని ఆరా తీయకుండా తినవచ్చునని చెబుతూనే, ఇది అర్పించినది అని ఎవరైనా చెప్పినప్పుడు ఆ చెప్పినవాడి మనస్సాక్షి కోసం మానుకొమ్మంటాడు, గుడి పంక్తిలో కూర్చోవడాన్ని పూర్తిగా వారిస్తాడు. వస్తువు ఒకటే అయినా చోటును బట్టి, చూసేవారిని బట్టి తీర్పు మారుతున్నది. దీనిని కథలకు అన్వయిస్తే, సోదెను ఇటీవలే వదిలి వచ్చిన కుటుంబానికి మాంత్రికుడి కథ గాయం మీద గోరు అవుతుందని, నాలుగో తరం విశ్వాసుల ఇంట్లో అదే కథ చందమామలోని ఒక బొమ్మగా మిగులుతుందని, రెండో ఇంటివారు మొదటి ఇంటివారిని వెక్కిరించకూడదని, మొదటివారు రెండోవారి భక్తిని శంకించకూడదని తేలుతుంది. సంఘ పెద్దలు అందరికీ ఒకే నియమం పెట్టాలనుకోవడంలోనే చిక్కు ఉంది.

అటువంటి ఒకే నియమపు దెబ్బ తిన్న కవి గుర్రం జాషువ. వినుకొండలో 1895లో క్రైస్తవ కుటుంబంలో పుట్టిన ఆయనకు పురాణ ఇతివృత్తాలతో పద్యాలు రాయడం వల్ల తన మతంవారి నుంచే వ్యతిరేకత ఎదురైంది, కులం వల్ల సాహిత్య సభల్లో అవమానం ఎటూ ఉన్నదే. 1941 నాటి గబ్బిలంలో ఒక అస్పృశ్యుడు కాశీలోని శివుడికి తన గోడు చెప్పమని గబ్బిలాన్ని దూతగా పంపుతాడు. ఒక పక్షిపాటి ప్రాణి మనిషి బాధను మోసుకుపోవడం ఊహాలోకపు కథే, చేరవలసిన దేవుడు వేరే మతపు దేవుడు. అదే కవి రాసిన క్రీస్తు చరిత్రకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. గబ్బిలం రాయడం వల్ల క్రీస్తు చరిత్ర రాసిన చెయ్యి పాడైందని ఇప్పుడు ఎవరూ అనడం లేదు.

ప్రార్థన, మంత్రం అన్నవాటి మధ్య తేడాను పిల్లలకు ఎలా చెప్పాలన్నది మిగిలిన ప్రశ్న. ప్రార్థనలో మనిషి అడుగుతాడు, ఇవ్వడం ఇవ్వకపోవడం దేవుడి చిత్తం. మంత్రంలో సరైన అక్షరాలు సరైన రీతిలో పలికితే శక్తి లొంగి తీరాలని ఉద్దేశం. ఈ తేడా కథల పుస్తకాల్లో కంటే ఇంటి ఆచరణలోనే ఎక్కువగా చెరిగిపోతుంది. స్వస్థత కూటం నుంచి తెచ్చిన నూనె సీసాను తాయెత్తులాగా గుమ్మానికి వేలాడదీసి, ఒకే వాక్యాన్ని ఇన్నిసార్లు పలికితే పరీక్షలో మార్కులు వస్తాయని పిల్లవాడికి చెప్పే ఇంట్లో, చందమామను అటక మీద దాచడం వల్ల మంత్రం ఇల్లు వదిలి పోదు.

అటక మీద దాచలేని కథ ఒకటి ప్రతి క్రైస్తవ గృహంలోనూ ఉంటుంది. సమూయేలు మొదటి గ్రంథం 28వ అధ్యాయంలో సౌలు రాజు మారువేషం వేసుకుని రాత్రివేళ ఏన్దోరులోని కర్ణపిశాచి గల స్త్రీ దగ్గరికి వెళ్ళి, చనిపోయిన సమూయేలును రప్పించమంటాడు. దుప్పటి కప్పుకున్న వృద్ధుడు భూమిలోంచి పైకి వస్తాడు, సౌలు నేల మీద పడిపోతాడు, చివరకు ఆ స్త్రీయే జాలిపడి దూడను వధించి అతడికి భోజనం పెడుతుంది. మూడవ శతాబ్దంలో ఒరిజెన్ ఆ వచ్చినది నిజంగా సమూయేలేనని బోధించగా, నాల్గవ శతాబ్దంలో అంతియొకయ బిషప్పు యూస్తాతియస్ దానిని ఖండిస్తూ ఒక గ్రంథమే రాశాడు, అదే శతాబ్దంలో నీస్సా గ్రెగొరీ అది దయ్యపు వేషమని వాదించాడు. బైబిలును వరుసగా చదువుకుంటూ పోయే ఇంట్లో కుటుంబ ప్రార్థన ఎప్పుడో ఒక రాత్రి ఆ అధ్యాయానికి వస్తుంది, వచ్చింది నిజంగా సమూయేలేనా అని పిల్లవాడు అడుగుతాడు.